ప్రాణానికి పదమూడణాలు

‘బొగ్గు బాయి – కోర్టు బోను’ ధారావాహిక: 6

గత వారం 1901 మే 24 తెల్లవారుజాము దగ్గర ఆగాం. వేల్స్‌లో కార్డిఫ్ రేవుకు ఉత్తరాన, కెర్ఫిలీ పట్నం దాటాక ఆబెర్ లోయ వస్తుంది. ఆ లోయ కొసన ఉన్న ఊరు సెంగెనిద్. అక్కడి యూనివర్సల్ బొగ్గు బాయి పేలి, లోపలున్న 82 మందిలో 81 మంది పోయారు. చచ్చిపడిన గుర్రం పక్కన ఒక్కడు మాత్రం కొన ఊపిరితో దొరికాడు. రాత్రి షిఫ్టు చాలావరకు పైకి వచ్చేసి, పొద్దుటి షిఫ్టు ఇంకా దిగని వేళ కాబట్టి లెక్క 81 దగ్గర ఆగింది. గాలిలో లేచిన బొగ్గు దుమ్ము పేలుడును ఎక్కడికక్కడ పెంచిందనీ, దుమ్మును నీళ్లతో తడుపుతూ ఉండాలనీ నిపుణులు రాసిచ్చారు. ఆ నివేదిక అచ్చయింది, బాయి మళ్లీ తెరుచుకుంది.

పన్నెండేళ్ల తర్వాత పేలింది షిఫ్టు నడుస్తుండగా.

1913 అక్టోబర్ 14, మంగళవారం. ఉదయం ఆరింటికల్లా దాదాపు 950 మంది దిగారు. ఆ ఏడు సౌత్ వేల్స్ బొగ్గుకు మహర్దశ. ఆ ఒక్క ప్రాంతం నుంచే 5 కోట్ల 60 లక్షల టన్నులకు పైగా తవ్వితీశారు. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ అంత బొగ్గు అక్కడ ఎన్నడూ పైకి రాలేదు. పొగ తక్కువ, వేడి ఎక్కువ కావడంతో బ్రిటిష్ యుద్ధనౌకలు వేల్స్ బొగ్గునే కోరేవి. యూనివర్సల్ గని యజమాని విలియం థామస్ లూయిస్ అప్పటికి రెండేళ్ల కిందటే లార్డ్ మెర్థిర్ అయ్యాడు. రెండు వేల అడుగులకు కాస్త తక్కువ లోతున్న రెండు నిలువు దారుల్లో ఒకటి లాంకాస్టర్, రెండోది యార్క్. లోపలి పడమటి భాగాలకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం నాటి ఊళ్ల పేర్లు పెట్టారు: లేడీస్మిత్, కింబర్లీ, మఫేకింగ్, ప్రిటోరియా. సామ్రాజ్యం గెలిచిన ఊళ్లన్నీ ఆ చీకట్లోనే ఉండేవి.

ఎనిమిది దాటిన కాసేపటికి పడమటి వైపు పేలింది. ఆ ఊపుకు లాంకాస్టర్ దారిలోని మనుషుల్ని దించి ఎక్కించే రెండు టన్నుల ఇనుప కేజ్ తుపాకీ గుండులా పైకి ఎగిరి, ఉపరితలాన నిలబడ్డ మనిషిని చంపింది. తూర్పు వైపు పనిచేస్తున్న వాళ్లను యార్క్ దారిలో బయటికి తెచ్చారు. పడమటి వైపున లాంకాస్టర్ దారి అడుగునే మంటలు. లోపలికి వెళ్లే గాలి ఆ మంటల మీదుగానే వెళ్లాలి. అంటే బతికున్న వాళ్ల దగ్గరికి గాలితో పాటు పొగ కూడా వెళుతోంది. ఆర్పడానికి సరిపడా నీళ్ల గొట్టాలు లేవు. చేత్తో పట్టుకునే మంటలార్పే సీసాలతో, ఇసుక బస్తాలతో ఆ మంటల మీదికి వెళ్లారు. మర్నాడు తెల్లవారుజామున 18 మంది ప్రాణాలతో దొరికారు. అంతే, ఇక దొరికినవన్నీ శవాలే.

చనిపోయిన గని కార్మికులు 439 మంది. రక్షించడానికి దిగి పోయిన ఒకరిని కలిపితే 440. బ్రిటన్ గనుల చరిత్రలో ఇంత పెద్ద ప్రమాదం అంతకు ముందూ లేదు, ఇప్పటి దాకా మళ్లీ లేదు. పోయిన వాళ్లలో ఇరవై నిండని వాళ్లు 60 మంది. పద్నాలుగేళ్ల పిల్లలు ఎనిమిది మంది. తండ్రీ కొడుకూ ఇద్దరూ పోయిన ఇళ్లు పన్నెండు. రెండు వందల మందికి పైగా ఆడవాళ్లకు పసుపుకుంకుమలు పోయాయని మన భాషలో చెప్పుకోవచ్చు. అయిదు వందల మందికి పైగా పిల్లలు తండ్రిలేని వాళ్లయ్యారు. ఒకావిడకు భర్త, ఇద్దరు కొడుకులు, తోడబుట్టినవాడు, ఇంట్లో అద్దెకున్న మనిషి, అందరూ ఒక్క పూటలో పోయారు. చాలామందిని బట్టల్ని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. నవంబర్ నెలాఖరుకు, కొన్ని శవాలు ఇంకా లోపలే ఉండగా, బాయిలో మళ్లీ పని మొదలైంది.

ఈ ధారావాహికకు కావలసిన కథ ఇక్కడి నుంచే.

విచారణ 1914 జనవరిలో మొదలైంది. పెద్దగా కూర్చున్నది ప్రభుత్వ ప్రధాన గనుల తనిఖీ అధికారి రిచర్డ్ రెడ్‌మేన్. ఆయనకు అటూ ఇటూ ఇద్దరు. ఒకరు గని యజమానుల సంఘం పెద్ద ఎవన్ విలియమ్స్, రెండోవారు బ్రిటన్ గని కార్మికుల సమాఖ్య అధ్యక్షుడు రాబర్ట్ స్మైలీ. మూడు రోజులు నడిచాక శవ పంచాయితీ కోసం విచారణ ఆపారు. అయిదు రోజులు విన్న ఆ జ్యూరీ ఇచ్చిన తీర్పు: ప్రమాదవశాత్తు మరణం. మళ్లీ విచారణ. మొత్తం 50 మంది సాక్షులను ఇరవై వేలకు పైగా ప్రశ్నలు అడిగారు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. కూర్చున్న ముగ్గురూ కూడా కారణం ఇదీ అని ఒక్క మాట మీదికి రాలేకపోయారు.

ఎక్కువ అనుమానం మాత్రం ఒక గంట మీద పడింది. బొగ్గు తొట్లు నడిచే దారి పొడుగునా, చేతికందే ఎత్తులో, పక్కపక్కనే రెండు ఉత్త తీగలు వేలాడేవి. పైన రబ్బరు తొడుగు లేదు, గుడ్డ చుట్టా లేదు. తొట్ల వెంట నడిచే కుర్రాడు ఎక్కడైనా బండి ఆపాలనుకుంటే ఆ రెంటినీ వేళ్లతో దగ్గరికి నొక్కుతాడు. లేదా జేబులోని చాకును అడ్డంగా ఆనిస్తాడు. దూరంగా ఇంజన్ దగ్గర గంట మోగుతుంది. చౌక, సులువు. కానీ నొక్కి వదిలిన ప్రతిసారీ తీగల మధ్య సన్నటి నిప్పురవ్వ. బొగ్గు నుంచి ఊరే మండే వాయువు మీథేన్ లేని చోట ఆ రవ్వ ఏమీ చేయదు. మీథేన్ ఉన్న చోట, దాని వెనకాల మైళ్ల పొడుగునా బొగ్గు దుమ్ము పరుచుకుని ఉన్న చోట, దాని సంగతి వేరు. 1912లో పక్కనే బెడ్వాస్ గనిలో జరిగిన పేలుడుకు ఇలాంటి నిప్పురవ్వనే కారణంగా అనుమానించారు. అయినా సెంగెనిద్‌లో ఆ ఉత్త తీగలు అలాగే వేలాడుతూ ఉన్నాయి.

రవ్వ ఎక్కడిదన్నది తేలలేదు, సరే. తేలిన సంగతులు చాలానే ఉన్నాయి. 1911 బొగ్గు గనుల చట్టం దుమ్మును నేల మీద నుంచే కాదు, పైకప్పు నుంచీ గోడల నుంచీ కూడా తీసెయ్యమంది. ఇక్కడ నేల ఊడ్చి ఊరుకున్నారు. ఫలానా చోట్ల గాలి ఎంత వస్తోందో కొలిచి పుస్తకంలో రాయమంది. అదీ సరిగ్గా జరగలేదు. అన్నిటికన్నా పెద్దది గాలి మర. అవసరమైతే గాలిని వెనక్కి తిప్పగలిగేలా ఆ మరను అమర్చాలని చట్టం. ఎందుకో పైన చూశాం. మంట గాలి వచ్చే దారిలో ఉంటే, గాలిని వెనక్కి తిప్పితే పొగ మనుషుల వైపు కాకుండా బయటికి పోతుంది. 1913 జనవరి 1 కల్లా ప్రతి గనిలోనూ ఆ ఏర్పాటు ఉండాలి. యూనివర్సల్ గడువు అడిగింది, సెప్టెంబర్ దాకా ఇచ్చారు. సెప్టెంబర్ వెళ్లిపోయింది, అక్టోబర్ 14 వచ్చింది, మర మాత్రం ఒక్క దిక్కుకే తిరుగుతోంది.

ఆ పొద్దున గాలిని తిప్పి ఉంటే ఎంతమంది బతికేవారు? నిపుణులు అప్పుడే వాదులాడుకున్నారు. తిప్పిన గాలి మీథేన్‌ను మంట మీదికి తెచ్చే ప్రమాదం కూడా ఉందని కొందరన్నారు. ఆ వాదన నిజమే కావచ్చు. కానీ తిప్పాలా వద్దా అని ఆలోచించే అవకాశమైనా ఆ పొద్దున అక్కడ ఎవరికీ లేదు. నా దృష్టిలో అసలు నేరం అదే.

మేనేజర్ పేరు ఎడ్వర్డ్ షా. అతడు దుర్మార్గుడేమీ కాదు. పేలిన కాసేపటికే, లోపలి పనిని అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌ను వెంటబెట్టుకుని తానే బాయి దిగాడు. వ్యక్తిగా ధైర్యవంతుడు. బయటి నుంచి రక్షక దళాలను పిలిపించడంలో మాత్రం ఆలస్యమైంది. రెడ్‌మేన్ ఆయన కష్టపడే తత్వాన్ని మెచ్చుకుంటూనే, చట్టం ప్రకారం చేయవలసినవి చేయలేదని తప్పుపట్టాడు.

1914 మే నెల. కెర్ఫిలీ మేజిస్ట్రేట్ కోర్టు. హైకోర్టు కాదు, సెషన్స్ కోర్టు కూడా కాదు, తాగి గొడవ చేసిన వాళ్ల కేసులు నడిచే కింది కోర్టు. షా మీద 17 అభియోగాలు, కంపెనీ మీద నాలుగు. ఈ ఇరవై ఒకటిలో ఎక్కడా 439 అన్న అంకె లేదు. హత్య సరే, నిర్లక్ష్యంతో ప్రాణం తీశారన్న మాట కూడా లేదు. ఫలానా రికార్డు రాయలేదు, ఫలానా పని చేయించలేదు, ఇలాంటివే అన్నీ. ఒక్క మనిషి చనిపోకున్నా అవే అభియోగాలు, అదే జరిమానా. కోర్టు దృష్టిలో పేలుడు అసలు జరగనే లేదన్నమాట.

షా మీద కొన్ని రుజువయ్యాయి. జరిమానా 24 పౌన్లు. కంపెనీ మీద చివరికి ఒక్కటి నిలిచింది, గాలిని తిప్పే ఏర్పాటు చేయనందుకు. జరిమానా 10 పౌన్లు, ఖర్చుల కింద మరో అయిదు పౌన్ల అయిదు షిల్లింగులు.

‘మెర్థిర్ పయనీర్’ అని కార్మికుల పక్షం వహించే వారపత్రిక ఒకటి ఉండేది. 1907లో మన దేశానికి వచ్చి వెళ్లిన కార్మిక నాయకుడు కేర్ హార్డీ పార్టీ వాళ్లది. ఆ పత్రిక వాళ్లు ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. బడిపిల్లల్లా భాగహారం చేశారు. షా కట్టిన 24 పౌన్లను పోయిన వాళ్ల సంఖ్యతో భాగిస్తే, గని కార్మికుడి ప్రాణం ఖరీదు ఒక షిల్లింగు ఒకటింబావు పెన్నీ. వందేళ్లు దాటినా వేల్స్‌లో ఆ అంకె ఇంకా బతికే ఉంది.

మన లెక్కలోకి తెచ్చుకుందాం. ఆ రోజుల్లో రూపాయికి ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు, అంటే 16 పెన్నీలు. రూపాయికి 16 అణాలు. కాబట్టి అణాకు సరిగ్గా ఒక పెన్నీ. 24 పౌన్లంటే 5,760 పెన్నీలు. 439తో భాగిస్తే పదమూడు, పైన కొసరు. పదమూడణాలు. రూపాయికి మూడణాలు తక్కువ.

ఇంకో షిల్లింగు సంగతి కూడా చెప్పాలి. పేలుడు జరిగిన మర్నాడే లండన్‌లో కనాట్ యువరాజు ఆర్థర్ పెళ్లి. పెళ్లి కానుకలను సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో జనం చూడటానికి పెట్టారు. వచ్చిన సొమ్ము సెంగెనిద్ సహాయ నిధికి. రాజుగారూ తన వంతు ఇచ్చారు. కానుకలు చూడటానికి టికెట్టు ఒక షిల్లింగు. అంటే రాజకుమారుడి పెళ్లి వెండి సామాను చూసి రావడానికీ, గని కార్మికుడి ప్రాణానికీ మధ్య తేడా అణాపైచిలుకు. దీన్ని నేను కల్పించలేదు, చరిత్రే ఇంత మొరటుగా రాసిపెట్టింది.

నిధికి లక్ష పౌన్ల పైన వచ్చింది. జనం నిజంగానే కదిలిపోయి ఇచ్చారు. దాన్ని తక్కువ చేయను. కానీ దానం వెల్లువెత్తిన చోట హక్కు అడిగే గొంతు సన్నబడుతుంది. మన ఊళ్లలో కూడా ఫ్యాక్టరీ పేలిన సాయంత్రమే ఎక్స్‌గ్రేషియా ప్రకటన వస్తుంది. మర్నాటి పేపర్లో మొత్తం ఎంతన్నదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేరుందన్నది లోపలి పేజీకి పోతుంది.

సరే, క్రిమినల్ కోర్టు అలా వదిలేస్తే, సివిల్ కోర్టుకెళ్లి యజమాని మీదే నష్టపరిహారం దావా వేయొచ్చు కదా? ఇక్కడే ఆంగ్ల న్యాయశాస్త్రం చేసిన గారడీ ఒకటి ఉంది. దానికీ మూలం ఒక బొగ్గు గని పేలుడే. స్కాట్లండ్‌లోని హాగ్‌హెడ్ గనిలో గాలి ఆడకుండా కట్టిన మంచె వల్ల మీథేన్ పోగుపడి పేలింది. కట్టించింది కింది అధికారి. చనిపోయిన కార్మికుడి కుటుంబం కోర్టుకెక్కింది. 1868లో లార్డ్స్ సభ ఆఖరి తీర్పు చెప్పింది. చరిత్రలో దాని పేరు విల్సన్ వర్సెస్ మెర్రీ. తీర్పు సారాంశం ఇది: యజమాని పని తెలిసిన వాళ్లను పెట్టాలి, కావలసిన సరంజామా ఇవ్వాలి, అక్కడితో ఆయన బాధ్యత తీరింది. ఆ తర్వాత మేనేజర్ తప్పు చేసి కార్మికుడు పోతే, అది ఒక పనివాడి వల్ల ఇంకో పనివాడికి జరిగిన నష్టం. తోటి పనివాళ్లు తప్పు చేయొచ్చన్న సంగతి తెలిసే కదా ఇతనూ పనిలో చేరాడు! యజమానికేం సంబంధం?

రెండు కోర్టులనూ పక్కపక్కన పెట్టి చూడండి. క్రిమినల్ కోర్టులో గనికి బాధ్యుడు మేనేజరే, ఎందుకంటే చట్టం పనులన్నీ అతని మీదే పెట్టింది. సివిల్ కోర్టుకొచ్చేసరికి అదే మేనేజర్ తట్టా చెమ్మాసు మోసే వాళ్లలో ఒకడైపోతాడు. శిక్ష పడాల్సిన చోట మేనేజర్ పెద్దవాడు, డబ్బు కట్టాల్సిన చోట చిన్నవాడు. రెండు చోట్లా లార్డు గారి బొక్కసం చెక్కుచెదరదు.

తర్వాతి ఏళ్లలో ఈ గోడకు కొన్ని బీటలు పడ్డాయి. 1880లో ఒక చట్టం, 1898లో, 1912లో కొన్ని తీర్పులు. చట్టం చెప్పిన పనిని యజమానే చేయకపోతే, తోటి పనివాడన్న సాకు చెల్లదన్నారు. కానీ ఆరుగురు పిల్లలతో మిగిలిన తల్లి వకీలును పెట్టుకుని లండన్ దాకా ఏళ్ల తరబడి పోరాడగలదా? ఆమె ముందు ఇంకో దారి ఉంది. 1897లో వచ్చి 1906లో విస్తరించిన కార్మిక నష్టపరిహార చట్టం. పని చేస్తూ చనిపోతే ఇంటివాళ్లకు మూడేళ్ల సంపాదన, మొత్తం మీద 300 పౌన్లు మించకుండా. తప్పెవరిదని నిరూపించనక్కర్లేదు. పేదవాళ్లకు అది నిజంగా పెద్ద వరమే. కాకపోతే, తప్పెవరిదని నిరూపించనక్కర్లేదంటే తప్పెవరిదని ఎవరూ అడగరు కూడా. అత్యంత ఘోరంగా నడిపిన గని, అత్యంత జాగ్రత్తగా నడిపిన గని ఒకే రేటు కడతాయి. అదీ చాలాసార్లు బీమా కంపెనీయే కడుతుంది. మనకు ఇదే నమూనాలో 1923లో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది. తోటి పనివాడన్న సాకు బ్రిటన్‌లో పూర్తిగా రద్దయ్యేసరికి 1948 అయింది. అప్పటికి గనులన్నీ ప్రభుత్వపరం కూడా అయిపోయాయి.

మన బొగ్గుకు ఈ కథతో ఉన్న చుట్టరికం దూరపుదేం కాదు. నిజాం ఇచ్చిన హక్కులతో 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీయే 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. బాయి దిగే పద్ధతి, ఓవర్‌మన్, బొగ్గులో మందు పేల్చే షాట్‌ఫైరర్, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న మేనేజర్, అంతా అక్కడి నుంచి దిగిన సరంజామాయే. సెంగెనిద్ లాంటి చోట్ల నేర్చిన పాఠం వల్లే ఇవాళ బొగ్గు గనుల్లో దుమ్ము మీద సున్నపురాతి పొడి చల్లుతారు. ఇది మేలు చేసిన వారసత్వం. ఇంకో వారసత్వం కూడా ఉంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు దూకి 370 మందికి పైగా పోయారు. అది పేలుడు కాదు గానీ, కోర్టు కథ మాత్రం ఈ వరసలోదే. కింది కోర్టు ఇద్దరు అధికారులకు ఏడాది జైలు వేసేసరికి 2012 వచ్చింది. మిగతా నిందితులు అప్పటికే లోకం విడిచారు.

సెంగెనిద్ తీర్పు వచ్చిన మూడు నెలలకే ప్రపంచ యుద్ధం. యుద్ధనౌకలకు బొగ్గు కావాలి, జరిమానాల గురించి మాట్లాడే తీరిక ఎవరికీ లేకపోయింది. యూనివర్సల్ గని 1928లో మూతపడింది. 2013 అక్టోబర్ 14న, సరిగ్గా నూరేళ్లకు, అక్కడ వేల్స్ జాతీయ గని కార్మికుల స్మారకం వెలిసింది. గాయపడిన కార్మికుడికి భుజం ఇచ్చి నడిపిస్తున్న రక్షకుడి కంచు బొమ్మ అది.

వచ్చే వారం ఉత్తర వేల్స్‌కు వెళదాం. 1934 సెప్టెంబర్ 22 అర్ధరాత్రి దాటాక గ్రెస్‌ఫర్డ్ గని పేలి 266 మంది పోయారు. అక్కడా అవే ప్రశ్నలు: గాలి ఎంత, ఎవరు కొలిచారు, ఏ పుస్తకంలో రాశారు? తేడా ఏమిటంటే ఈసారి పుస్తకంలో అంకెలున్నాయి. ఆ అంకెలు ఎప్పుడు రాసినవో నిలదీయడానికి కార్మికుల తరఫున ఒక న్యాయవాది ఫీజు తీసుకోకుండా నిలబడ్డాడు. ఎనిమిదేళ్ల తర్వాత రాయబారం మోసుకుని ఢిల్లీకి వచ్చి, గాంధీ నెహ్రూల చేత కాదనిపించుకుని వెళ్లిన స్టాఫర్డ్ క్రిప్స్ ఆయనే.

(సశేషం)